పాత కారు వేడెక్కితే ఫ్యాన్‌ని తిట్టే ముందు

పాత బండి వేడెక్కిందంటే చాలు, బోనెట్ ఎత్తిన ప్రతివాడి చూపూ ముందు ఫ్యాన్ మీదకే పోతుంది. అక్కడ కంటికి కనపడేలా తిరిగేది అదొక్కటే కదా, మిగతా వ్యవహారమంతా పైపుల్లో, ఇనుము లోపల జరిగిపోతుంది. ఇంకేముంది, బ్లేడ్లు ఎక్కువున్న ఫ్యాన్ పెడదాం, లేదా పాతది పీకేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేసేద్దాం అని మొదలెడతారు, డబ్బులు పోతాయి, బండి మాత్రం ఎప్పట్లాగే వేడెక్కుతూనే ఉంటుంది. నన్నడిగితే ఈ తిప్పలన్నీ ఎందుకొస్తాయంటే ఫ్యాన్ పని ఎప్పుడు మొదలవుద్దో, ఎప్పుడు దాని అవసరమే ఉండదో విడదీసి చూడకపోవడం వల్ల. అది ఒక్కటి తెలిస్తే సగం రిపేర్లు చేయక్కర్లేదని తేలిపోద్ది.

ఫ్యాన్ నేరుగా నీళ్ళని చల్లబరచదు. ఇంజన్ వేడిని కూలెంట్, అంటే ఇంజన్‌లో తిరిగే నీళ్ళు, మోసుకొచ్చి రేడియేటర్ రెక్కలకి ఇస్తుంది, రెక్కలు గాలికి ఇస్తాయి, ఫ్యాన్ చేసేదల్లా ఆ గాలిని లాగడం. బండి గంటకి ఓ 50, 60 కిలోమీటర్లు దాటి పోతోందంటే ఎదురుగాలే గ్రిల్ లోంచి సరిపడా వచ్చేస్తుంది కాబట్టి అప్పుడు ఫ్యాన్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. ఫ్యాన్ నిజంగా కష్టపడేది సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోయేటప్పుడు, ఇంకా ఎత్తు రోడ్డు మీద ఫస్ట్ గేర్‌లోనో సెకండ్ గేర్‌లోనో మెల్లగా ఎక్కేటప్పుడు, అంటే ఇంజన్ మీద లోడ్ ఉండి ఎదురుగాలి లేనప్పుడు.

కాబట్టి బండి ఎప్పుడు వేడెక్కుతోందో ముందు అది గమనించండి, స్పానర్ తర్వాత పట్టుకోవచ్చు. ఆగి ఉన్నప్పుడు టెంపరేచర్ మీటర్ ముల్లు పైకెక్కి, కదిలి స్పీడు అందుకోగానే కిందకి దిగుతోందంటే గాలి చాలట్లేదు, అంటే ఫ్యాన్, బెల్ట్, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) వీటిల్లో ఏదో ఒకటి. అలా కాకుండా ఊళ్ళో బానే ఉండి హైవే మీద వేడెక్కుతోందంటే ఫ్యాన్ జోలికి పోనే పోవద్దు, అక్కడ తప్పు నీళ్ళ దారిలో ఉంటుంది: రేడియేటర్ గొట్టాలు లోపల సున్నం పట్టి మూసుకుపోయి ఉండొచ్చు, వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, లేదా కింది హోస్ మెత్తబడిపోయి ఉండొచ్చు. ఈ కింది హోస్ సంగతి చాలామందికి తట్టదు, అది నీళ్ళని తిప్పే పంపు పీల్చుకునే వైపు ఉంటుంది కాబట్టి రబ్బరు పాతబడితే ఎక్కువ ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర చప్పిడైపోయి నీళ్ళ దారి మూసేస్తుంది, బండి ఆపి బోనెట్ తీసేసరికి మళ్ళీ మామూలు గుండ్రంగా కనపడి మనల్ని వెర్రివాళ్ళని చేస్తుంది. దాని లోపల స్ప్రింగ్ పెట్టిన బళ్ళు అందుకే ఉన్నాయి, తీసి కొత్త హోస్ వేసేటప్పుడు ఆ స్ప్రింగ్‌ని చెత్తలో పారేయకండి.

రెండు పరిస్థితుల్లోనూ వేడెక్కుతోందా, అప్పుడు ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్ ఎప్పుడు నిప్పు వేస్తుందో అది కూడా చూడాలి. టైమింగ్ వెనక్కి జారితే మంట ఆలస్యంగా మొదలై ఆ వేడంతా ఎగ్జాస్ట్ వైపు, హెడ్ వైపు పోతుంది. ఆ టైమింగ్‌ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్ చిరిగిన బండికి ఎన్ని ఫ్యాన్లు మార్చినా ఏం లాభం చెప్పండి. కార్బురేటర్ మిక్శ్చర్ మరీ లీన్ అయినా, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనా ఇదే కథ.

అసలు వేడెక్కుతోందా లేదా అన్నది కూడా తేల్చుకోవాలండోయ్, ఎందుకంటే పాత మీటర్లు అబద్ధాలు చెప్తాయి. 1960లలో చాలా బ్రిటిష్ కార్లలో టెంపరేచర్ మీటర్‌కీ పెట్రోల్ మీటర్‌కీ కలిపి ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ ఉండేది, అది సగటున 10 వోల్టులు ఇస్తుంది. అది పాడై పూర్తి వోల్టేజ్ వదిలేస్తే రెండు మీటర్లూ కలిసి ఎక్కువ చూపిస్తాయి, అంటే ట్యాంకు నిండినట్టు, ఇంజన్ మరిగిపోతున్నట్టు. రెండూ ఒకేసారి పైకి పోయాయంటే అనుమానం అక్కడే పెట్టుకోండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి దగ్గరుంటే థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కొలిచి నిజం తెల్సుకోవచ్చు, కాకపోతే మెరిసే ఇత్తడి మీద, అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అతికించి దాని మీద గురిపెట్టాలి. ఇంకోటి, బండి ఆపేశాక రెండు మూడు నిమిషాలు ముల్లు పైకి పోవడం మామూలే, పంపూ ఫ్యాన్ ఆగిపోయి హెడ్‌లో ఉన్న వేడంతా కదలని నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి. అది చూసి కంగారు పడక్కర్లేదు. రేడియేటర్ మూత మాత్రం సరిగ్గా ఉండాలి, 7 పీఎస్ఐ ప్రెషర్ పట్టి ఉంచే మూత ఉన్న బండిలో వట్టి నీళ్ళు కూడా సుమారు 111 డిగ్రీల దాకా మరగవు, మూత రబ్బరు పోయిందంటే 100 కే బుడగలు మొదలై మిగతావాళ్ళంతా ఫ్యాన్ పనిచేయట్లేదని తీర్పిచ్చేస్తారు.

సరే, గాలి చాలట్లేదనే తేలింది అనుకుందాం. అప్పుడు కూడా ఫ్యాన్ కంటే ముందు గాలి దారి చూడాలి.

రేడియేటర్ వెనక ఫ్యాన్ చుట్టూ రేకుదో ప్లాస్టిక్‌దో ఒక తొడుగు ఉంటుంది చూడండి, ష్రౌడ్ అంటారు. పాత బళ్ళలో ఎవరో ఎప్పుడో ఇంజన్ పని చేస్తూ అడ్డొస్తోందని తీసేసి మళ్ళీ బిగించి ఉండరు, అలా ఏళ్ళ తరబడి అది లేకుండానే తిరుగుతుంటాయి. అది అలంకారం కాదు. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ తన బ్లేడ్ల అంచుల దగ్గర ఉన్న గాలినే చుట్టూ తిప్పుకుంటూ కూర్చుంటుంది, పైగా రేడియేటర్‌లో తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే లాగుతుంది, మూలలు అలా వేడిగా ఉండిపోతాయి. ష్రౌడ్ ఉంటే మొత్తం రేడియేటర్ ముఖం నుంచి లాగగలుగుతుంది. బ్లేడ్ కొసకీ ష్రౌడ్‌కీ మధ్య సందు ఓ 25 మిల్లీమీటర్లకి మించకుండా ఉంటే మంచిది, అలాగని మరీ దగ్గరైతే ఇంజన్ మౌంట్లు కుంగినప్పుడు బ్లేడ్ పోయి గీసుకుంటుంది, అందుకే ష్రౌడ్ మీద గీతలు కనపడితే ఫ్యాన్‌ని కాదు, ఇంజన్ మౌంట్ రబ్బర్లని చూడండి. లోతు విషయానికొస్తే బ్లేడ్ వెడల్పులో సగమో కొంచెం ఎక్కువో ష్రౌడ్ లోపల, మిగతాది బయట ఉండేలా చూస్కోవాలి, పూర్తిగా లోపలికి దూర్చేస్తే గాలి బయటికి విసరడానికి దారుండదు.

రేడియేటర్ పక్కల్లో, పైన బాడీకి మధ్య ఉండే ఫోమ్, రబ్బరు పట్టీలు కూడా ఇలాంటివే. అవి పొడైపోయి రాలిపోతే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వైపు వేడి గాలి ఆ సందుల్లోంచి మళ్ళీ ముందుకొచ్చి మళ్ళీ రేడియేటర్‌లోకే పోతుంది. ఫ్యాన్ పాపం బానే తిరుగుతుంటుంది, కానీ అదే వేడి గాలిని తిప్పి తిప్పి లాగుతుంటుంది. ఒక ఫోమ్ పట్టీ తెచ్చి అతికిస్తే పోయే దానికి జనం కొత్త రేడియేటర్ కొంటారు.

రేడియేటర్ రెక్కల మధ్య పురుగులు, దుమ్ము, ఆయిల్ కలిసి గట్టిపడి ఉంటే ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడగాలి, ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. ప్రెషర్ వాషర్ వద్దు, రాగి రెక్కలు మెత్తగా ఉంటాయి, పడుకుండిపోతాయి. ఇంకో దొంగ జబ్బు ఏంటంటే ఏళ్ళు గడిచేకొద్దీ రెక్కలు గొట్టాల నుంచి టంకం ఊడి విడిపోతాయి, చూడ్డానికి అన్నీ ఉంటాయి కానీ గొట్టంలోని వేడి రెక్కకి అందదు. వేలితో మెల్లగా రుద్దితే పొడిపొడిగా రాలుతున్నాయంటే ఆ కోర్ పని అయిపోయింది, దాని ముందు ఎంత గాలి పెట్టినా దండగే. మందంగా పెయింట్ కొట్టడం కూడా తప్పే, పల్చటి నలుపు ఒక పూత చాలు.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికొద్దాం. పాత బళ్ళలో మామూలుగా కనపడేది వాటర్ పంప్ పుల్లీ మీద నేరుగా బోల్టులతో బిగించిన ఫ్యాన్, ఇంజన్ తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది. దీని అందం ఏంటంటే చెడిపోవడానికి ఇందులో ఏమీ లేదు, దీని చుట్టుపక్కలవే చెడిపోతాయి. మొట్టమొదట బెల్ట్. వీ-బెల్ట్ పట్టు దాని పక్క అంచుల్లో ఉంటుంది, అడుగున కాదు. పుల్లీ గాడి అడుగు భాగం అద్దంలా మెరుస్తోందంటే బెల్ట్ అరిగి కిందకి దిగి అడుగుని రాసుకుంటోందని, ఇక ఎంత బిగించినా జారుతుంది. పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు దిగాలి, మీ బండి మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే లెక్క. వదులైతే ఫ్యానూ జారుతుంది, పంపూ జారుతుంది, అంటే గాలీ నీళ్ళూ రెండూ ఒకేసారి తగ్గుతాయి. అరుపు రాకుండా ఉండాలని వీణ తీగలా బిగించేవాళ్ళున్నారు, వాళ్ళ వాటర్ పంప్ బేరింగ్, కరెంటు తయారుచేసే డైనమో బేరింగ్ తొందరగా పోతాయి, అంతే. కొత్త బెల్ట్ వేశాక కాస్త తిరిగొచ్చి మళ్ళీ చూస్కోండి, మొదట్లో సాగుతుంది.

రెండోది పంప్ బేరింగ్. ఇంజన్ చల్లగా, ఆగి ఉన్నప్పుడు ఎదురెదురు బ్లేడ్లు రెండు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. టకటకమని ప్లే తెలిసిందంటే బేరింగ్ వెళ్ళిపోయింది. పంప్ బాడీ కింద చిన్న కన్నం ఉంటుంది, అక్కడ్నుంచి కూలెంట్ చెమ్మ, తెల్లటి మరక, తుప్పు చార కనపడితే సీల్ పోతున్నట్టు. ఆ కన్నాన్ని ఎంసీల్ లాంటిది పెట్టి మూసేసే మహానుభావులు ఉంటారు, అది నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా బయటికి వదిలేయడానికే పెట్టింది, మూస్తే బేరింగ్ ఇంకా త్వరగా పోయి చివరికి ఫ్యాన్ వెళ్ళి రేడియేటర్‌లో దిగుద్ది. అప్పుడు రెండూ కొనాలి.

మూడోది, దీని గురించి కొంచెం భయపెట్టక తప్పదు, బ్లేడ్ల పగుళ్ళు. ఇనుప రేకు ఫ్యాన్లలో పగుళ్ళు మొదలయ్యేది రివెట్ల దగ్గర, బ్లేడ్ మొదట్లో, సరిగ్గా వంపు తిరిగే చోట. గుడ్డతో గ్రీజు తుడిచి, టార్చ్ పక్కవాటంగా పట్టి చూడాలి, పెయింట్ మీద సన్నటి తుప్పు గీత ఉందంటే దాని కింద పగులు ఉన్నట్టే అనుకోండి. పాత ప్లాస్టిక్ ఫ్యాన్లయితే ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కిపోతాయి, హబ్ చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలొస్తాయి. స్పీడు పెరిగితే వంపు తగ్గి బల్లపరుపయ్యేలా పల్చటి స్టీలుతో చేసిన ఫ్లెక్స్ ఫ్యాన్లు కూడా ఉన్నాయి, ప్రతిసారీ వంగి లేస్తుంటాయి కాబట్టి లోహం అలసిపోయే అవకాశం వాటిలో ఇంకా ఎక్కువ. పగిలిన బ్లేడ్‌ని వెల్డింగ్ చేయించడం, వంగినదాన్ని సుత్తితో సరిచేయడం రెండూ వద్దు, ఫ్యాన్ మార్చేయండి. ఒక బ్లేడ్ ఊడితే బోనెట్ చీల్చుకుని వస్తుంది, మనిషి ఎదురుగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఇంజన్ రేజ్ చేస్తున్నప్పుడు ఫ్యాన్ తిరిగే వరసలో ఎప్పుడూ నిలబడకూడదు, పక్కకి ఉండాలి. వదులుగా వేలాడే చొక్కా చేతులు, మెడలో గొలుసు, ఇవన్నీ తీసేశాకే బోనెట్ కింద వంగండి.

నాలుగు బ్లేడ్ల ఫ్యాన్ చూసి ఇది వంకరపోయింది, బ్లేడ్ల మధ్య దూరం సమానంగా లేదు అని సరిచేయబోతారు కొందరు. ఆగండి, చాలా కంపెనీలు కావాలనే అలా చేశాయి, సమానంగా ఉంటే ఒకే స్వరంలో గట్టిగా అరుస్తుందని దూరాలు మార్చి ఆ శబ్దాన్ని చెదరగొట్టారు.

ఫ్యాన్‌ని తిరగేసి బిగిస్తే గాలి అటు తిరిగి వీస్తుందని కూడా ఒక నమ్మకం ఉంది. అలా జరగదు. బ్లేడ్ వాలు అదే చేతివాటంలో ఉంటుంది కాబట్టి తిరగేసినా గాలి అదే దిక్కుకి పోతుంది, కాకపోతే బ్లేడ్ వంపు తప్పుడు వైపుకి వచ్చి పట్టు బాగా తగ్గిపోతుంది. అంటే తిరుగుతుంది, గాలి వస్తుంది, కానీ చాలదు, అందుకే ఈ తప్పు ఏళ్ళ తరబడి దొరకదు. గాలి దిక్కు మారాలంటే తిరిగే దిక్కు మారాలి. అన్ని బళ్ళలో ఫ్యాన్ లోపలికే లాగుతుందని కూడా అనుకోకండి, 1959లో వచ్చిన మినీలో ఇంజన్ అడ్డంగా ఉండి రేడియేటర్ పక్కకి ఉంటుంది, దాని ఫ్యాన్ గాలిని చక్రం వైపుకి బయటికి నెడుతుంది.

నేరుగా బిగించిన ఫ్యాన్‌కి ఉన్న అసలు దోషం వేరే. ఫ్యాన్ లాగే గాలి దాని స్పీడుతో పాటు పెరుగుతుంది, కానీ అది తినే శక్తి స్పీడు ఘనంతో పెరుగుతుంది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, 1000 ఆర్పీఎం దగ్గర తిరిగే ఫ్యాన్ 4000 దగ్గరికెళ్తే నాలుగు రెట్లు గాలి కోసం 64 రెట్లు శక్తి మింగుతుంది, అదీ ఎప్పుడు, హైవే మీద ఎదురుగాలి ఉచితంగా వస్తూ దీని అవసరమే లేనప్పుడు. ఆ గోల, ఆ పెట్రోలు ఖర్చు తగ్గించడానికే కంపెనీలు రకరకాల ఉపాయాలు పన్నాయి. ప్యూజో 404లో కరెంటు క్లచ్‌తో అవసరమైనప్పుడే కలుసుకునే ఫ్యాన్ ఉండేది. జాగ్వార్ ఈ-టైప్ 1961లోనే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌తో వచ్చింది. ఎక్కువమంది పట్టుకున్నది మాత్రం విస్కస్ క్లచ్.

విస్కస్ క్లచ్ అంటే పంప్ షాఫ్ట్‌కీ ఫ్యాన్‌కీ మధ్య ఒక డబ్బా, అందులో చిక్కటి సిలికాన్ ఆయిల్. ముందు వైపు చుట్ట చుట్టిన ఒక బైమెటల్ స్ప్రింగ్ ఉంటుంది, అది కొలిచేది నీళ్ళ వేడిని కాదు, రేడియేటర్ లోంచి వచ్చి తనకి తగిలే గాలి వేడిని. ఆ గాలి ఓ 70, 80 డిగ్రీలకి చేరితే స్ప్రింగ్ తిరిగి లోపల ఒక చిన్న వాల్వ్ తెరుస్తుంది, ఆయిల్ గాడుల్లోకి పారుతుంది, ఆ జిగటకి ఫ్యాన్ పట్టుకుని తిరుగుతుంది. చల్లబడితే ఆయిల్ వెనక్కి పోయి ఫ్యాన్ నింపాదిగా తిరుగుతుంది. ఇక్కడో మెలిక గమనించండి, రేడియేటర్ మధ్య భాగం మూసుకుపోయి అక్కడ నీళ్ళు పారకపోతే స్ప్రింగ్‌కి తగిలే గాలి చల్లగానే ఉంటుంది, ఇంజన్ మరుగుతున్నా క్లచ్ కలుసుకోదు. కొత్త క్లచ్ వేసినా ఫలితం ఉండదు, రేడియేటర్ మార్చితే పాత క్లచ్చే పనిచేయడం మొదలెడుతుంది.

దీన్ని పరీక్షించడం పెద్ద కష్టం కాదు గానీ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పలేం. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం ఫ్యాన్ హోరు వినపడి తర్వాత తగ్గాలి, రాత్రంతా ఆయిల్ గాడుల్లోకి దిగి ఉంటుంది కాబట్టి అలా జరుగుతుంది, అది మంచి గుర్తే. బాగా వేడెక్కాక ట్రాఫిక్‌లో హోరు మళ్ళీ రావాలి. వేడి మీద ఇంజన్ ఆపేసి తాళం చేత్తో పట్టుకుని ఫ్యాన్‌ని తిప్పి చూడండి, బరువుగా, జిగటగా ఆగిపోవాలి, సైకిల్ చక్రంలా ఓ రెండు మూడు చుట్లు తిరిగిందంటే ఆయిల్ పోయినట్టు. స్ప్రింగ్ చుట్టూ నల్లటి జిడ్డు చారలు బయటికి చిమ్మినట్టు ఉన్నా అదే అర్థం. బ్లేడ్ కొస పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే కొంచెం ఆడటం మామూలే, ఓ 6 మిల్లీమీటర్లు దాటితే బేరింగ్ అనుమానించాలి. దీనికి వ్యతిరేకంగా పట్టేసుకుపోయిన క్లచ్ అయితే ఎప్పుడూ హోరుమంటూనే ఉంటుంది, బండి వేడెక్కదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, పెట్రోలు మాత్రం తాగుతుంది. తిరిగే ఫ్యాన్‌లో పేపర్ చుట్ట పెట్టి ఆగుతుందో లేదో చూసే పరీక్ష ఒకటి జనం చెప్తుంటారు, చేతులు బావుండాలనుకుంటే దాని జోలికి పోవద్దు, పైన చెప్పినవి చాలు.

విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త, బీఎండబ్ల్యూ ఎం20, ఎం30 లాంటి పాత ఇంజన్లలో క్లచ్ వెనక ఉండే 32 మిల్లీమీటర్ల నట్టుకి ఎడమచేతి మరలు, మామూలు దిక్కులో విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. మీ బండిది ఎటో ముందే కనుక్కోండి. విప్పిన క్లచ్‌ని బండిలో ఎలా నిలబడి ఉంటుందో అలాగే నిలబెట్టి ఉంచాలి, బల్ల మీద పడుకోబెట్టి నెలలు వదిలేస్తే లోపలి ఆయిల్ బేరింగ్ వైపు కారిపోతుంది. షెల్ఫ్‌లో పడుకోబెట్టి దాచిన పాత స్టాక్ క్లచ్ కొనేటప్పుడు కూడా ఇదే అనుమానం మనసులో పెట్టుకోండి.

ఇక ఎలక్ట్రిక్ ఫ్యాన్. పాత బండికి ఇది వేస్తే అన్ని కష్టాలూ తీరిపోతాయని చాలామంది నమ్మకం, నాకు అంత నమ్మకం లేదు, ఎందుకో లెక్కేసి చూపిస్తా. 1960ల బ్రిటిష్ బళ్ళలో కనపడే లూకాస్ సీ40 డైనమో ఇవ్వగలిగింది గరిష్ఠంగా 22 ఆంపియర్లు, అదీ ఇంజన్ బాగా తిరుగుతున్నప్పుడు. హెడ్‌లైట్లు ఓ 8 నుంచి 10 ఆంపియర్లు తింటాయి, ఇగ్నిషన్ ఓ 3, 4, వైపర్లు ఇంకొన్ని. కొత్తగా తగిలించిన ఫ్యాన్ 10 నుంచి 15, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు. కూడితేనే 22 దాటిపోయింది. అసలు చిక్కు అది కూడా కాదు, డైనమో ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు, అందుకే ఆగినప్పుడు ఎర్ర లైటు మిణుకుమంటుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అవసరం పడేదేమో సరిగ్గా ఆ ఐడిల్‌లోనే. అంటే ట్రాఫిక్‌లో ఫ్యాన్ మొత్తం బ్యాటరీ మీదే బతుకుతుంది, రాత్రి వానలో ఓ గంట ఇరుక్కుంటే ఇంజన్ చల్లగా ఉంటుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ కావాలంటే ముందు ఐడిల్‌లోనూ కరెంటిచ్చే ఆల్టర్నేటర్ పెట్టించుకోండి, తర్వాతే ఫ్యాన్ మాట.

ఇంకో తిరకాసు, 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ బళ్ళు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసని బాడీకి కలిపినవి. అందులో ఈ కాలపు ఫ్యాన్‌ని రంగులు చూసి వైరింగ్ చేస్తే మోటార్ వెనక్కి తిరుగుతుంది, ఎదురుగాలితో కుస్తీ పడుతుంది, నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ గాలిని ముందుకు తోస్తుంది. వైరింగ్ అయ్యాక ఒక పల్చటి కాగితం రేడియేటర్ ముందు పెట్టి చూడండి, గ్రిల్ వైపు నుంచి రేడియేటర్‌కి అతుక్కోవాలి, ఎగిరిపోతే వైర్లు తిరగేయాలి. రేడియేటర్ ముందు పెట్టే పుషర్ రకం కంటే వెనక పెట్టే పుల్లర్ రకమే మేలు, ముందు పెట్టిన మోటార్ స్పీడులో వెళ్ళేటప్పుడు వచ్చే గాలికి అడ్డమవుతుంది. రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చి బిగించే ప్లాస్టిక్ టైలు మాత్రం వాడకండి, అదురుకి అవి మెల్లమెల్లగా గొట్టాలని కోసేస్తాయి, రేకు పట్టీలతో ఫ్రేముకి బిగించండి.

స్విచ్ ఎంచుకోవడంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. పై హోస్ వైపు స్విచ్ పెట్టి, అది ఆన్ అయ్యే వేడి థర్మోస్టాట్ తెరుచుకునే వేడి కంటే తక్కువైతే ఫ్యాన్ ఒకసారి మొదలయ్యాక ఇక ఆగదు, ఎందుకంటే 88 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్న ఇంజన్ నీళ్ళని ఎప్పటికీ 80కి దిగనివ్వదు. 82 థర్మోస్టాట్ ఉంటే 92 దగ్గర ఆన్ అయ్యి 87 దగ్గర ఆఫ్ అయ్యేది లాంటిది సరిపోతుంది. రేడియేటర్ కింది ట్యాంకులో పెడితే అక్కడికొచ్చే నీళ్ళు అప్పటికే చల్లబడి ఉంటాయి కాబట్టి ఇంకాస్త తక్కువ వేడికి పనిచేసే స్విచ్ కావాలి. ఫ్యాన్ కరెంటు మొత్తం ఈ స్విచ్‌లోంచి పోనివ్వకండి, కాంటాక్టులు మాడిపోతాయి, మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్, పెట్టండి, స్విచ్ రిలేని మాత్రమే కదిలించాలి.

ఫ్యాన్ తిరగట్లేదంటే స్విచ్ వైర్లు రెండూ ఊడదీసి ఒక ముక్క వైరుతో కలపండి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. తిరిగిందంటే మోటార్, ఫ్యూజ్, వైరింగ్ అన్నీ బానే ఉన్నాయి, స్విచ్ పోయింది లేదా స్విచ్ దగ్గర నీళ్ళే లేవు, గాలి బుడగ ఇరుక్కుంది. తిరగకపోతే మోటార్‌కి బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి చూడండి. అప్పుడు తిరిగితే దారిలో ఎక్కడో ఉంది తప్పు, పాత బళ్ళలో అది తరచుగా ఎర్త్ దగ్గరే ఉంటుంది, పెయింట్ మీద బిగించిన ఎర్త్ స్క్రూ, తుప్పు పట్టిన రింగు. తిరుగుతోంది కానీ నీరసంగా ఉంది అంటే ఫ్యాన్ నడుస్తుండగా మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి మోటార్ నెగటివ్ మీద పెట్టండి, అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ బాలేదు, పాజిటివ్ వైపు కూడా అలాగే కొలవండి. రెండూ బావుంటే మోటార్ లోపల బ్రష్‌లు అరిగాయో, బుష్‌లు ఎండిపోయాయో చూడాలి, పాత మోటార్లు విప్పుకోవచ్చు, కమ్యూటేటర్ తుడిచి, బ్రష్‌లు మార్చి, కంచు బుష్‌లకి పల్చటి ఆయిల్ ఒకటి రెండు చుక్కలు వేస్తే మళ్ళీ బతుకుతాయి. గ్రీజు పెట్టకండి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజ్ వేయడం మాత్రం బండికి నిప్పు పెట్టుకోవడమే, మోటార్ పట్టేస్తూ ఎక్కువ కరెంటు లాగుతోంది కాబట్టే ఫ్యూజ్ పోతోంది. ఇంకోటి, కొన్ని వైరింగుల్లో ఇగ్నిషన్ ఆఫ్ చేశాక కూడా ఫ్యాన్ తనంతట తానే మొదలవుతుంది, అక్కడ చేయి పెట్టే ముందు బ్యాటరీ తీగ పీకేయండి.

నీళ్ళే లేకుండా గాలితోనే ఇంజన్ చల్లబడే బళ్ళ సంగతి ఒక్క మాట. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో డైనమో షాఫ్ట్ రెండో చివరే ఫ్యాన్, రెండూ ఒకే బెల్ట్ మీద. అందులో ఛార్జింగ్ ఎర్ర లైటు వెలిగిందంటే ఇంటికెళ్ళి చూద్దాంలే అనుకునే వ్యవహారం కాదు, బెల్ట్ తెగి ఉంటే ఇంజన్‌కి చల్లదనం ఇచ్చేది ఇంకేమీ లేదు, వెంటనే పక్కకి ఆపాలి. బెల్ట్ బిగింపు అక్కడ పుల్లీ రెండు ముక్కల మధ్య పల్చటి వాషర్లతో, లోపలివి తీసి బయట పెడితే బిగుస్తుంది. ఇంజన్ చుట్టూ ఉండే రేకులు, రబ్బరు సీళ్ళు ఒక్కటి లేకపోయినా కింది వేడి గాలి పైకొచ్చి మళ్ళీ ఫ్యాన్‌లోకే పోతుంది. సిట్రోయెన్ 2సీవీకి ఆ బెల్ట్ బాధ కూడా లేదు, ఫ్యాన్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్ మీదే బిగించి ఉంటుంది, కానీ దాని వెనక ఉండే చిన్న ఆయిల్ కూలర్ సందుల్లో దుమ్మూ జిడ్డూ పేరుకుంటుంది, ఫ్యాన్ తీసి చూస్తే గానీ కనపడదు.

చాలా నెలలు కదలకుండా పెట్టిన బండి అయితే స్టార్ట్ చేసే ముందు ఒకసారి ఫ్యాన్‌ని చేత్తో పూర్తి చుట్టు తిప్పండి. ష్రౌడ్ లోపల ఎలకలు గూడు పెట్టి ఉండొచ్చు, పంప్ సీల్ షాఫ్ట్‌కి అతుక్కుపోయి ఉండొచ్చు, ఎలక్ట్రిక్ మోటార్ బుష్‌లు బిగుసుకుని ఉండొచ్చు. బెల్ట్ పుల్లీ మీద ఒకే చోట నెలల తరబడి వంగి ఉంటే ఆ వంపు దగ్గర లోపలి వైపు అడ్డంగా పగుళ్ళొస్తాయి, దాన్ని వేళ్ళతో మెలితిప్పి చూస్తేనే కనపడతాయి, అలా కనపడితే మార్చేయండి, పాతదాంట్లో కాస్త బావున్నది ఏదైనా ఉంటే డిక్కీలో, దానికి సరిపడా స్పానర్లతో పాటు పడేయండి.